మసిగుడ్డ చరిత్ర



ఈ పూట విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని చెప్పబోవటం లేదు. ఇంజను షెడ్డులో మేకుకు వేలాడే మసిగుడ్డను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. "గుడ్డపేలికకు కూడా చరిత్రేమిటండీ?" అని మీరు నవ్వవచ్చు. ఉన్నది. కొన్ని వందల ఏండ్లపాటు యూరపులో పుస్తకాలు ఎక్కువగా అచ్చయింది పాతగుడ్డలతో చేసిన కాగితం మీదనే. ఆకాశాన్నంటే మేడ ఒకటి తగలబడింది కూడా ఇలాంటి పేలికల వల్లనే. ఈ చరిత్ర అంతా తిరగవేస్తే ఒక సంగతి తేలుతుంది. గుడ్డ తాను తుడిచినదాన్ని తనలో దాచుకుంటుంది. అది ఏమి తుడిచిందో మనం మరచిపోతాము. ప్రమాదం అక్కడ వస్తుంది.

ముందు మన ఇండ్ల సంగతి చూద్దాం. వెనకటి రోజుల్లో గుడ్డను పారవేయటమనేది లేదు. నేతచీర కట్టినన్నాళ్లు కట్టి, చినిగితే ఆడపిల్లకు పరికిణీ కుట్టేవారు. ఇంకా మెత్తబడితే పసిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది. మిగిలిన ముక్కలను పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టేవారు. ఆ బొంత కూడా చివికితే వంటింట్లో మసిగుడ్డ, ఆ తరువాత దీపానికి వత్తి, లేదా ఆముదంలో ముంచిన కాగడా. తరువాతి కాలంలో పాతబట్టలు తీసుకొని గిన్నెలు, చెంబులు ఇచ్చే బేరగాండ్రు వీధుల్లోకి వచ్చారు. ఏమైనా ఆ గుడ్డ ఎవరిదో, దేనికి వాడిందో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండేది. పసిబిడ్డ గుడ్డ, వంటింటి గుడ్డ, బండి ఇరుసు తుడిచే గుడ్డ ఎన్నడూ ఒకచోట కలిసేవి కావు.

ఉతకటంలో కూడా పెద్దలకు తెలివి ఉన్నది. రజకులు చవిటినేలల మీద గీకి తెచ్చిన చౌడు నీళ్లలో బట్టలు ముంచి, రేవులో బాన మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. చౌడులో సోడా ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆ సోడా నూనెజిడ్డును పట్టుకొని కొంత సబ్బుగా మారుస్తుంది. అందుచేత జిడ్డు నీళ్లలో కలిసిపోయేది. పుస్తకం చదవకపోయినా వాళ్లు చేసింది మంచి రసాయన శాస్త్రమే.

ఇక లోకం సంగతి. చైనా దేశంలో క్రీ.శ. 105లో చాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టు బెరడు, జనపనార, పాతగుడ్డలు, చేపల వలలు నానవేసి దంచి కాగితం చేసే పద్ధతిని చక్రవర్తికి విన్నవించినట్లు అక్కడి చరిత్రలో ఉన్నది. ఆ విద్య అరబ్బుల ద్వారా యూరపు చేరింది. 15వ శతాబ్దం నడుమ అచ్చుయంత్రం వచ్చిన తరువాత కాగితానికి గిరాకీ పెరిగింది, దానితోబాటు పాతగుడ్డకూ గిరాకీ పెరిగింది. గుడ్డలు ఏరి అమ్ముకొనటం ఒక వృత్తి అయింది. కొన్ని దేశాల ప్రభుత్వాలు తమ పాతగుడ్డలు సరిహద్దు దాటిపోకుండా ఆంక్షలు కూడా పెట్టాయి. 1844లో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కొయ్యను అరగదీసి గుజ్జు చేసే ఉపాయం కనిపెట్టాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా కాగితానికి గుడ్డల అవసరం చాలావరకు తగ్గింది. మన దగ్గర 1938లో ఏర్పడిన సిర్పూరు కాగితపు మిల్లు వెదురు మీద ఆధారపడింది.

అయితే ఆ పాత కాగితపు మిల్లులు మనకొక పాఠం మిగిల్చాయి. గుడ్డల మూటలు విప్పి, బొత్తాలు కోసి, కుట్లు విప్పి, రకాలుగా వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్లు చేసేవారు. ఎక్కడెక్కడి మూటలో తెలియదు, ఏ రోగి కట్టి విడిచినవో తెలియదు. 19వ శతాబ్దంలో ఆ పనివాళ్లకు మశూచి సోకింది. ఆంత్రాక్సు, అంటే మన పశువులకు వచ్చే దొమ్మరోగం, అదీ సోకింది. గుడ్డ తెల్లగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనది కాదని ఆ ప్రాణాలు పోయిన తరువాత గాని లోకానికి పూర్తిగా తెలియలేదు. అందుకే నేను చెప్పే మొదటి సంగతి ఇది. షెడ్డుకు గుడ్డలు కావాలంటే మీ ఇంటి పాతబట్టలే అన్నిటికంటె మేలు. బయట మూటగా కొంటే, ముందు వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరవేసి గాని వాడవద్దు. ఆస్పత్రి నుంచి వచ్చిన గుడ్డను ఎంత చౌకగా ఇచ్చినా ముట్టవద్దు.

పాతగుడ్డ మళ్లీ గుడ్డ అయిన కథ కూడా ఉన్నది. ఇంగ్లండులో యార్కుషైరు ప్రాంతాన బాట్లీ అనే ఊళ్లో 1813లో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్నిబట్టలను చీల్చి, పీచు చేసి, కొత్త ఉన్నితో కలిపి నేయించాడు. నేడు మన దేశంలో పానిపట్టు ఆ పనికి పేరుపడింది. నూలు మిల్లుల్లో మిగిలిన చిక్కుదారం మాత్రం ఇంకో దారి పట్టింది. రైలింజన్లు, ఓడల ఇంజన్లు తుడవటానికి దాన్ని బస్తాలుగా కొన్నారు. మన హార్డువేరు దుకాణాల్లో "కాటన్ వేస్ట్" అని అడిగితే ఇచ్చేది అదే. బనియన్లు కుట్టేచోట మిగిలిన ముక్కలు కూడా కిలోల లెక్కన దొరుకుతాయి.

గుడ్డ ఎంచుకొనటంలో ఒక మెలకువ ఉన్నది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సన్ అనే ఇద్దరు టెరిలీన్ కనిపెట్టారు. దాని సంతతి బట్టలు ఇప్పుడు ప్రతి ఇంటా ఉన్నాయి. అవి కట్టుకొనేందుకు మన్నిక గాని, తుడిచేందుకు పనికిరావు.  వేడి సైలెన్సరు తగిలితే కరిగి అంటుకుంటాయి. నూలు పంచె, నూలు చీర, పాత తువ్వాలు మంచివి. డీజిలు పంపు, నాజిలు వంటి సున్నితమైన భాగాలకు పీచు రాలని పాతపంచె ముక్క వాడండి. కాటన్ వేస్ట్ అక్కడ వద్దు, దారపుపోగు లోపల చిక్కితే ఇంజను మొరాయిస్తుంది. బొత్తాలు, హుక్కులు ముందే కోసివేయండి. బెల్టు తిరుగుతుండగా గుడ్డ చేతబట్టి దగ్గరకు పోవద్దు. గుడ్డను లాగే బెల్టు చేతిని కూడా లాగుతుంది.

ఇప్పుడు నిప్పు సంగతి. మన తాతలు గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి బండికి కందెన చేసేవారు. ఆ కందెన తుడిచిన గుడ్డ ఏడాదిపాటు మూలన పడివున్నా తనంతట తాను అంటుకొనేది కాదు. ఎందుచేతనంటే ఆముదం గాలికి ఆరి గట్టిపడే నూనె కాదు. అవిసె గింజల నూనె అట్లా కాదు. (పువ్వు కూర వండుకొనే అవిసె చెట్టు వేరు, ఇది వేరు.) తలుపులకు, పనిముట్ల పిడులకు పూసే ఈ నూనె గాలిలోని ప్రాణవాయువును పట్టుకొని గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పలచగా పూస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. అదే నూనె తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన వేస్తే, వేడి బయటికి పోలేదు. వేడి పెరిగినకొద్దీ నూనె మరింత తొందరగా గట్టిపడుతుంది, ఇంకా వేడి పుడుతుంది. కొద్ది గంటల్లో పొగ, ఆ మీదట మంట. అగ్గిపుల్ల గీయనక్కరలేదు.

ఇది మీకు కొత్త సంగతి కాదు. పచ్చి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టటం మీరు చూసిందే. కారణాలు వేరైనా, వేడి లోపలే చిక్కుకొనటం రెండింటికీ ఒకటే.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరాన 38 అంతస్తుల మేడ ఒకటి ఉండేది, పేరు వన్ మెరిడియన్ ప్లాజా. 1991 ఫిబ్రవరి 23న, శనివారం, దాని 22వ అంతస్తులో నిప్పు పుట్టింది. చెక్కపనికి మెరుగు పెట్టినవారు అవిసె నూనె తడిసిన గుడ్డలు అక్కడ వదిలి వెళ్లారు. ఎవరూ లేనివేళ అవి వాటంతట అవే రాజుకున్నాయి. మంట 19 గంటల దాకా సాగింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. నిప్పు 30వ అంతస్తుకు చేరినప్పుడు అక్కడ నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉండబట్టి ఆగింది. అంత మేడకే ఆ గతి పట్టినప్పుడు, గడ్డివామి పక్కన తాటాకు కొట్టం సంగతి చెప్పేదేమున్నది?

ఇంజను నూనె, డీజిలు తుడిచిన గుడ్డ మామూలుగా తనంతట తాను రాజుకోదు. నిప్పురవ్వ తగిలితే మాత్రం భగ్గుమంటుంది. పెట్రోలు, తిన్నరు తడిసిన గుడ్డ నుంచి వచ్చే ఆవిరి దూరాన ఉన్న మంటను కూడా అందుకుంటుంది.

నిప్పు కంటె నిశ్శబ్దంగా చంపేది విషం. 1958లో కేరళలో నూరుమందికి పైగా చనిపోయారు. పారాథియాన్ అనే పురుగుమందు రవాణాలో కారి పిండికి అంటింది. ఆ పిండి తిన్నవాళ్లు మరి లేవలేదు. మందు డబ్బాలోనే ఉంటుందని మనం అనుకుంటాము. బస్తాకు, గుడ్డకు, చేతికి అంటి అది ప్రయాణం చేస్తుంది. 1968లో మన దేశంలో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. చట్టం దుకాణం దాకా వస్తుంది గాని, మీ స్ప్రేయరు తుడిచిన గుడ్డను వంటింటి మసిగుడ్డలో కలపకుండా చూడవలసింది మీరే. ఆ గుడ్డను ఉతకనే వద్దు. చెరువులో జాడిస్తే చేపలు పోతాయి, కుడితితొట్టి దగ్గర జాడిస్తే గొడ్డు పోతుంది, ఉతికే మనిషి చేతికి మందు అంటుతుంది. దాన్ని ఒక్కసారి వాడి, చేతులకు తొడుగు వేసుకొని, విడిగా కట్టి పెట్టండి.

ఇంజను నూనె గుడ్డలు ఉతకవచ్చు. అయితే ఒక తేడా గమనించండి. ఆముదపు జిడ్డు సోడాకు లొంగినట్లు భూమిలోంచి తీసిన నూనె లొంగదు, సబ్బుగా మారదు. దానికి వేడినీళ్లు, సోడాతోబాటు సబ్బుపొడి కూడా కావాలి. ముందు గుడ్డను గట్టిగా పిండి, ఆ నూనెను డబ్బాలో పట్టండి. విడి బకెట్టులో ఒక రాత్రి నానవేసి, మరునాడు కర్రతో కలియబెట్టి ఉతకండి. ఇంటి బట్టలతో కలపవద్దు. ఆ నీళ్లు బావిగట్టున, కాలవలో పోయవద్దు. మరీ జిడ్డోడే గుడ్డను ఉతకటానికి కష్టపడవద్దు, నీళ్లు పాడుచేసినంత లాభం అందులో లేదు. ఉతికినా కొంత జిడ్డు మిగులుతుంది గనుక, బాగా ఆరి చల్లబడిన తరువాతే మడవండి.

ఇక పారవేయటం. అవిసె నూనె, వార్నీషు గుడ్డలను ఒక్కొక్కటిగా పరచి, వామికి, కొట్టానికి దూరంగా, ఆరుబయట కంచెమీద ఆరవేయండి. అట్టలాగా బిరుసెక్కిన తరువాత తీయండి. ఆరవేసే వీలు లేకపోతే నీళ్లు పోసిన ఇనుపడబ్బాలో ముంచి మూత పెట్టండి. నూనె గుడ్డలకు మూత ఉన్న ఇనుపడబ్బా ఒకటి, మందు గుడ్డలకు వేరొకటి ఉంచి, పిల్లలకు అందనిచోట పెట్టండి. వీటిని పొయ్యిలో వేయవద్దు, పెంటకుప్పలో వేయవద్దు. పెంటలో వేసింది రేపు పొలంలోకే వస్తుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో పరిశ్రమల్లో కలుషితమైన నూలుగుడ్డలను కూడా జాబితాలో చేర్చారు. ఫ్యాక్టరీకి ప్రమాదమైనది మన షెడ్డులో ప్రమాదం కాకుండా పోదు. పంచాయతీ చెత్తబండి వారికి ఇచ్చేటప్పుడు విడిగా కట్టి, లోపల ఏమున్నదో నోటితో చెప్పి ఇవ్వండి. ట్రాక్టరు సర్వీసు చేసేచోట నూనె గుడ్డలు తీసుకుంటారేమో అడగండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మీరు ఊళ్లోకి వెళ్లినప్పుడు పైరుతోబాటు ఒకసారి షెడ్డు మూలకు కూడా చూపు వేయండి. గుడ్డల కుప్ప కనబడితే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడిది? ఏమి తుడిచింది? ఎక్కడికి పోతుంది? మూడింటికీ రైతు జవాబు చెప్పగలిగితే ఆ కొట్టానికి భయం లేదు. చెప్పలేకపోతే ఆ కుప్పను ఆ పూటే విప్పించి, వేరు చేయించి రండి.