‘మా చిన్నత్త’ ఎవరు? పోస్టుకార్డు ఛాయాచిత్రాలు - అపరిచితుల ఆకర్షణ

మార్కాపురంలోని ఒక పాత కాగితాల దుకాణంలో నేను కొన్న ఛాయాచిత్రం ఈ వ్యాసానికి ఆధారం. కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఆమె పక్కన నిలబడిన బాలుడు, వారి వెనుక స్తంభాలు చిత్రించిన తెర. బాలుడు కదలడం వల్ల అతని చేయి మసకబారింది. కార్డు వెనుక వైపు ఆంగ్లంలో ‘పోస్టుకార్డు’ అన్న మాట, నడుమ నిలువు గీత, కుడి మూల తపాలా బిళ్ల గడి ముద్రించి ఉన్నాయి. చిరునామా లేదు, జాబూ లేదు. ఎడమ భాగంలో పెన్సిలుతో రాసిన రెండు మాటలున్నాయి: ‘మా చిన్నత్త’.

ముక్కూమొగం తెలియనివారి చిత్రాలను సేకరించడంలో ఒక ఆకర్షణ ఉన్నది. బంధువు చిత్రంలో మనం పోలికలు వెదుకుతాం; అపరిచితుని చిత్రంలో మనిషినే చూస్తాం. ఆంగ్ల చిత్రకారుడు టామ్ ఫిలిప్స్ (1937-2022) ఇటువంటి కార్డులను వేల సంఖ్యలో సేకరించాడు. వాటితో 2004లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ప్రదర్శన జరిగింది. ప్రసిద్ధుల చిత్తరువులకు నెలవైన చోట పేరులేని వారు గోడలెక్కడం చిన్న విషయం కాదు. అయితే ఈ ఆకర్షణ బొమ్మ వైపే ఆగిపోతే సాహిత్య పరిశోధకునికి దక్కేది స్వల్పం. కార్డుకు రెండో వైపు ఉన్నది. దానిని పాఠంగా చదవవచ్చునని నా ప్రతిపాదన.

ముందుగా ఆ వస్తువు చరిత్ర కొంత చెప్పుకోవాలి. మన దేశంలో తపాలా కార్డు 1879 జులై 1న కాలణా వెలతో వచ్చింది. దానిపై బొమ్మ లేదు. చిరునామా వైపే జాబు కూడా రాసే వీలు బ్రిటన్‌లో 1902లోనూ, అమెరికాలో 1907లోనూ కలిగింది. దానితో రెండో వైపు మొత్తం చిత్రానికి దక్కింది. నిలువు గీత ఆ మార్పుకు గుర్తు. 1903లో కొడాక్ సంస్థ కార్డు కొలతకే నెగటివు ఇచ్చే కెమెరాను అమ్మకానికి తెచ్చింది. నెగటివును కాగితానికి ఆనించి వెలుతురు చూపితే చాలు, పెద్దది చేసే యంత్రంతో పని లేదు. చిన్న ఊళ్ల స్టూడియోలకు ఇది అనువైన పద్ధతి. పోస్టు చేసే ఉద్దేశం లేనివారి బొమ్మలు కూడా పోస్టుకార్డు కాగితంపైనే ముద్రణ పొందడం ఇందువల్లనే. ప్రవేశపరీక్షల దరఖాస్తులు నేటికీ ‘పోస్టుకార్డు సైజు’ ఫోటో అడుగుతున్నాయి. కార్డు పోయినా కొలత మిగిలింది.

కాలనిర్ణయానికి వెనుక వైపు కొంత తోడ్పడుతుంది. బిళ్ల గడిలోని ‘ఆజో’ వంటి కాగితపు పేర్లు ఒక ఆనవాలు. కాని స్టూడియోవారు పాత కాగితాన్ని ఏళ్ల తరబడి వాడి ఉండవచ్చు. చిరునామా ఉంటే అది మరింత నమ్మదగినది. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ ఏడాది ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. పిన్‌కోడు పుట్టినది కూడా 1972లోనే. కనుక ఈ ప్రాంతపు పాత కార్డుపై జిల్లా పేరు కూడా తేదీ వంటిదే. నా కార్డుపై అదీ లేదు.

ఇక మిగిలినవి ఆ రెండు మాటలు. ‘అత్త’ అనే పదం తెలుగులో తండ్రి తోబుట్టువుకూ, మేనమామ భార్యకూ, పెండ్లి ద్వారా వచ్చిన అత్తకూ చెల్లుతుంది. మేనరికపు సమాజంలో ఆ ముగ్గురిలో ఇద్దరు ఒక్కరే కావచ్చు. ‘చిన్న’ అనడం వల్ల పెద్దత్త ఒకరుండేదని ఊహించవచ్చు. చుట్టరికం స్పష్టంగానే ఉన్నది, కాని అది రాసినవారి నుంచి కొలిచిన చుట్టరికం. రాసినవారు ఎవరో తెలియకపోతే ఆ కొలత నిలవదు. పేరు రాయకపోవడం అశ్రద్ధ కాదు. పెద్దవారిని పేరుతో పిలవని మర్యాద బొమ్మ వెనుక కూడా కొనసాగింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ‘మా’ అన్న మాట. తెలుగులో ‘మన’ వినేవారిని కలుపుకొంటుంది, ‘మా’ వారిని విడిచిపెడుతుంది. తోబుట్టువు కోసమైతే ‘చిన్నత్త’ అంటే సరిపోయేది. ‘మా చిన్నత్త’ అన్నప్పుడు ఆమెను ఎరుగని పాఠకుడు రాసేవారి మనసులో ఉన్నాడు. మెట్టినింటికి ఆల్బమ్ తెచ్చుకున్న కోడలు రాసి ఉండవచ్చునన్నది నా ఊహ మాత్రమే. ఏమైనా, ఈ కార్డు మన చేతికి వచ్చాక అపరిచితం కాలేదు. ఆనాడే అది ఒక అపరిచితునికి పరిచయవాక్యం. ఆ అపరిచితుడు మనం కాదు, అంతే తేడా.

పలకలకు పేరుపొందిన ఊరిలో, రాసింది చెరపడమే అలవాటైన చోట, ఈ పెన్సిలు గీతలు మిగలడం నాకు వింతగానే తోస్తుంది.

తమిళనాట స్టూడియోల, కుటుంబాల చిత్రాలను పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో డిజిటల్ రూపంలో భద్రపరిచింది. చిత్రాలు ఇళ్లలో, స్టూడియోలలో ఉండగానే చేసిన పని అది. విడి కార్డు కొనే నావంటివారు చేసేది దీనికి విరుద్ధం. ఆ రోజు బొమ్మ నచ్చి, కట్టలో నుంచి ఒక్కటి తీసుకొని వచ్చాను. ఏ ఇంటిదని అడగలేదు, మిగిలిన కార్డులపై అదే చేతిరాత ఉన్నదేమోనని తిప్పి చూడలేదు. వాటిలో ఒక్కదానిపై ‘మా నాన్న’ అని పేరుతో సహా ఉన్నా ఈ వ్యాసం మరోలా ఉండేది.

కొన్ని నెలల తరువాత తిరిగి వెళ్లాను. కట్ట అమ్ముడైపోయింది. పద్దు పుస్తకాలతో కలిసి వచ్చిన కట్ట అని దుకాణదారు గుర్తు చేసుకున్నాడు. ఏ ఊరి నుంచి అని అడిగితే, ‘గిద్దలూరు వైపు’ అన్నాడు.