1986 డూమ్స్‌డే డిస్కుల పునరుద్ధరణ - ఒక పరిశీలన

క్రీ.శ. 1086లో తోలుపత్రాల మీద రాసిన గ్రంథాన్ని తొమ్మిది శతాబ్దాల తర్వాతా చదవగలుగుతున్నారు. దాని స్మారకంగా 1986లో లేజర్ డిస్కుల మీద వెలువరించిన గ్రంథం పదహారేళ్లకే చదవడానికి వీలులేనిదైంది. 2002 మార్చిలో లండన్ ఆదివారపు పత్రిక ‘ది అబ్జర్వర్’ ఈ వైపరీత్యాన్ని వార్తగా ప్రకటించినప్పటి నుంచి, కంప్యూటర్ దత్తాంశం ఎంత అల్పాయుష్షు కలదో చెప్పదలచినవారందరూ ఈ ఉదాహరణనే ఆశ్రయిస్తున్నారు. పోలిక ఆకర్షకమైనదే. కాని అది తోలుకూ డిస్కుకూ మధ్య పోటీగా విషయాన్ని చిత్రిస్తున్నది. డిస్కులలోని దత్తాంశం అప్పటికి చెరిగిపోలేదు. చెరిగిపోనిదాన్ని ఎందుకు పునరుద్ధరించవలసి వచ్చిందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన ప్రశ్న.

ముందుగా పాత గ్రంథం సంగతి. ఇంగ్లండును జయించిన నార్మన్ రాజు విలియం 1085 క్రిస్మస్ నాటి గ్లోస్టర్ సభలో నిర్ణయించి, ఏ భూమి ఎవరి వశంలో ఉన్నది, దాని విలువ ఎంత, దానిపై రాజుకు రావలసినదెంత అన్న వివరాలను మరుసటి సంవత్సరం సేకరింపజేశాడు. అందులో చెప్పినదానికి తిరుగులేదన్న అర్థంలో, అంతిమ తీర్పు దినం పేరుతో జనం ఆ గ్రంథాన్ని డూమ్స్‌డే అని పిలిచారని 12వ శతాబ్దపు కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నైజెల్ వివరించాడు. అది సంక్షేపాక్షరాలతో నిండిన లాటిన్ రచన. ఉదాహరణకు టి, ఆర్, ఇ అన్న మూడక్షరాలు పదేపదే కనిపిస్తాయి. ‘ఎడ్వర్డ్ రాజు కాలంలో’, అంటే 1066కు పూర్వం, అని వాటి అర్థం. ఈ సంకేతం తెలియనివాడు ఒక్కొక్క అక్షరాన్నీ గుర్తుపట్టగలిగినా, ఏ విలువ ఏ కాలానిదో చెప్పలేడు. ‘తొమ్మిది వందల ఏళ్లుగా చదవగలుగుతున్నారు’ అన్న వాక్యంలోని కర్తలు నిజానికి ఈ సంకేతాలను నేర్చుకొన్న కొద్దిమంది పండితులు.

ఆ గ్రంథం దానంతట అది నిలిచిందనడం కూడా సరికాదు. రాజకోశంలోనూ, ఆపైన ప్రభుత్వ దస్త్రశాలలోనూ దానికి ఎప్పుడూ ఒక కావలి ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్ని బాడ్మిన్ కారాగారానికీ, రెండో యుద్ధంలో షెప్టన్ మాలెట్ కారాగారానికీ తరలించి కాపాడారు. ఆకులు విప్పి తిరిగి కట్టడం అనేక పర్యాయాలు జరిగింది. ప్రతులు తీయడంలో ఎదురైన చిక్కు మరింత ఆసక్తికరమైనది. 1783లో అబ్రహాం ఫార్లే ఆ మూలాన్ని అచ్చు వేసినప్పుడు, మామూలు అచ్చుకు లేని సంక్షేప చిహ్నాల కోసం ‘రికార్డ్ టైప్’ అనే ప్రత్యేక అక్షరాలను పోత పోయించవలసి వచ్చింది. అంటే పాత సామగ్రి కొత్త యంత్రంలోకి ఇమడకపోతే, పాతదానికి తగినట్లు కొత్త యంత్రాన్నే మార్చారు. 1808లో ముద్రాపకుడు నికల్స్ కార్యాలయం అగ్నికి ఆహుతైనప్పుడు ఆ అక్షరాలూ పోయాయి. 1861-63 నాటికి ఫోటోజింకోగ్రఫీ అందుబాటులోకి వచ్చి, అక్షరాన్ని అర్థం చేసుకొనే పని లేకుండానే పుటను బొమ్మగా ప్రతి తీయడం సాధ్యమైంది. ఈ రెండు మార్గాల భేదం తెలుగువారికి కొత్తది కాదు. మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రల ప్రతులు శిథిలమవుతున్నప్పుడు సి.పి.బ్రౌన్ వాటిని తిరిగి రాయించాడు. రాయసగాడు చదివి రాసినదే మనకు చేరిన పాఠం. చదివి రాసిన ప్రతికీ, చదవకుండా తీసిన ప్రతికీ గల ఈ అంతరమే డిస్కుల పునరుద్ధరణలోనూ మళ్లీ ఎదురవుతుంది.

డూమ్స్‌డే గ్రంథపు తొమ్మిది వందల ఏళ్ల సందర్భంలో బీబీసీ, ఎకార్న్, ఫిలిప్స్, లాజికా సంస్థలు కలిసి కొత్త సర్వేను తలపెట్టాయి. వ్యయం 25 లక్షల పౌండ్లు. దేశాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాలుగా విభజించి, 9,000కు పైగా పాఠశాలలకు అప్పగించారు. పది లక్షలకు పైగా జనం పాల్గొన్నారు. పిల్లలు తమ వీధిలోని దుకాణాలు, తాము తినే తిండి, ఆడే ఆటలు, ఊరిలో మూతపడుతున్న పనులు, ఊరివారి మాటతీరు మొదలైనవి రాసి పంపారు. ఇలా కూడిన ‘కమ్యూనిటీ’ డిస్కులో 1,47,819 పుటల రచనలు, 23,225 ఛాయాచిత్రాలు ఉన్నాయి. ‘నేషనల్’ డిస్కులో 1981 జనాభా లెక్కలు తదితర గణాంకాలు, వ్యాసాలు, చిత్రాలు చేర్చారు. విలియం సర్వే పన్ను కట్టవలసినవారి గురించి అధికారులు రాయించినది. ఇది ఊరివారే తమ గురించి రాసుకొన్నది. చరిత్రకారునికి రెండోది దక్కకపోవడం చిన్న నష్టం కాదు. రాజ్యం నమోదు చేయని సంగతులు అందులోనే ఉన్నాయి.

ఆ కాలానికి ఆ యంత్రం ఒక సాహసం. లేజర్ డిస్కు ఒక్కొక్క ముఖం మీద సుమారు 54,000 నిశ్చల చిత్రాలు పడతాయి. భూపటాలూ ఛాయాచిత్రాలూ అనలాగ్ వీడియో చిత్రాలుగా చేరాయి. రచనలు, గణాంకాలు, సూచికలు మాత్రం డిజిటల్ దత్తాంశంగా, మామూలుగా ధ్వని ఉండవలసిన చోట, దాదాపు 300 మెగాబైట్ల మేర ఇమిడాయి. ఇటువంటి డిస్కుకు ఎల్‌వీ-రామ్ అని పేరు. చదవడానికి ఫిలిప్స్ వీపీ415 అనే ప్రత్యేకమైన ప్లేయర్, దానికి కలిపిన బీబీసీ మాస్టర్ కంప్యూటర్, ఆ రెంటినీ కలిపే స్కజీ తీగ, చేతితో తిప్పే ట్రాక్‌బాల్ కావాలి. కంప్యూటర్‌లో ఎకార్న్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. డిస్కు మీది ఫైళ్లను వెదకడానికి వీఎఫ్ఎస్ అనే ప్రత్యేక వ్యవస్థ ఉండేది. ప్రోగ్రామ్‌ను బీసీపీఎల్ భాషలో రాశారు. ఇతర యంత్రాలకు సులువుగా తరలించవచ్చునన్న ఉద్దేశంతోనే ఆ భాషను ఎంచుకొన్నారు. తర్వాతి కాలంలో ఆ భాషే వాడుక నుంచి తప్పుకొన్నది. ముందుచూపు లేకపోవడమే ఈ కథలోని దోషమని తేల్చడం అందుకే న్యాయం కాదు. ముందుచూపు ఉన్నది; అది పట్టుకొన్న ఆధారం నిలువలేదు.

పూర్తి సామగ్రి ధర దాదాపు 5,000 పౌండ్లు కావడంతో, రాసిన పాఠశాలలే కొనలేకపోయాయి. కొద్ది గ్రంథాలయాలకే ఆ యంత్రాలు చేరాయి. 1990ల నాటికి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లు గల కంప్యూటర్లు సర్వత్రా వ్యాపించాయి. ప్లేయర్లు చెడిపోతే బాగుచేసేవారు కరువయ్యారు. డిస్కు ఉన్నది, డిస్కు మీది గుర్తులు ఉన్నాయి. ఆ గుర్తులలో ఏది పుట, ఏది సూచిక, ఏ పుటకు ఏ పటం అన్న సంబంధాన్ని తెలిసిన ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన యంత్రం మాత్రం అంతరించే దశకు వచ్చింది. పాత దత్తాంశనిధిని నేటి సర్వర్ మీదికి తెచ్చేవారికి ఎదురయ్యే సమస్య స్వరూపం ఇదే.

1999లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం కలిసి ఆరంభించిన కామీలియన్ ప్రాజెక్టు ఈ సామగ్రిని పరీక్షాంశంగా తీసుకొన్నది. లీడ్స్ బృందం నడుస్తున్న పాత యంత్రాన్ని సంపాదించి, ఆ ప్లేయర్‌ను లినక్స్‌తో నడిచే కంప్యూటర్‌కు కలిపి, ఫైళ్లను ఉన్నవున్నట్లుగా, అర్థంతో నిమిత్తం లేకుండా, బైట్ల వరుసగా తరలించింది. నిశ్చల చిత్రాలను ఒక్కొక్కటిగా పట్టి డిజిటల్ రూపంలోకి మార్చింది. ఆ తర్వాతి మెట్టు ఎమ్యులేటర్, అంటే ఒక కంప్యూటర్‌ను మరొక కంప్యూటర్‌లా ప్రవర్తింపజేసే ప్రోగ్రామ్. బీబీసీ కంప్యూటర్‌ను అనుకరించే ‘బీబ్ఎమ్’ అప్పటికే ఉన్నది. దానికి డూమ్స్‌డే యంత్రపు అదనపు భాగాలనూ, లేజర్ ప్లేయర్ ప్రవర్తననూ జోడించారు. 2002 డిసెంబరులో దాన్ని ప్రదర్శించినప్పుడు 1986 నాటి ప్రోగ్రామ్ మార్పు లేకుండా నడిచింది. తాను చలామణీలో లేని యంత్రం మీద నడుస్తున్నానని ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు.

ఈ పద్ధతి గుణం ఒకటి ప్రత్యేకంగా గమనార్హం. పునరుద్ధరించేవారు ఫైళ్ల అంతర్నిర్మాణాన్ని తెలుసుకోనక్కరలేదు. దాన్ని తెలిసిన ప్రోగ్రామ్‌నే బతికించారు కనుక, అర్థం చెప్పే బాధ్యత దానిదే. పరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే ఇది యథామాతృక ప్రతి. లేఖక దోషాలతో సహా అన్నీ నిలుస్తాయి. పటం నుంచి పుటకు, పుట నుంచి ఛాయాచిత్రానికి పాఠకుడు వెళ్లే దారి కూడా రచనలో భాగమేనని అంగీకరిస్తే, ఆ దారిని దక్కించింది ఈ పద్ధతి. కాని ఎమ్యులేటర్ కూడా ఒక ప్రోగ్రామే. దానికీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి.

ఇంచుమించు అదే కాలంలో రెండో మార్గం కూడా తెరుచుకొన్నది. డిస్కులోని ఫైళ్ల నిర్మాణాన్ని ఒక్కొక్క బైటుగా పరిశోధించి, ఏ సంఖ్య ఏ పుటను సూచిస్తున్నదో విడమరచి, కమ్యూనిటీ డిస్కులోని సామగ్రిని సాధారణ పీసీలో చూపే కొత్త ప్రోగ్రామ్‌ను ఒక వ్యక్తి సిద్ధం చేశాడు. బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్ దాన్ని స్వీకరించింది. చిత్రాల కోసం డిస్కుల తయారీకి వాడిన మూల వీడియో టేపులను ఆశ్రయించారు. డిస్కులో కంటె అక్కడి బొమ్మ స్పష్టంగా ఉన్నది. పరిష్కర్త తాళపత్ర ప్రతిని విడిచి దాని మాతృకను సంపాదించడం వంటిది ఇది. ఇక్కడ తరలించేవాడు ముందు చదవాలి. చదవడంలో పొరబడితే ఆ పొరపాటు ప్రతిలో స్థిరపడుతుంది. అయితే చదివినవాడు దత్తాంశాన్ని యంత్రం నుంచి విడిపించగలడు. రెంటిలో ఏది మేలన్న వాదం దత్తాంశ సంరక్షకులలో చాలాకాలం సాగింది. డూమ్స్‌డే విషయంలో రెండూ అవసరమైనాయనీ, యథామాతృక ప్రతి లేకుండా పరిష్కృత ప్రతిని సరిచూసుకొనే వీలు లేదనీ గుర్తిస్తే ఆ వాదం తీవ్రత తగ్గుతుంది.

సాంకేతికంగా దక్కినది పాఠకునికి చేరడం వేరే సంగతి. పది లక్షల మంది చేయి పడిన రచనలపై హక్కులు ఎవరివి? పటాల మీద, గణాంకాల మీద, వృత్తి ఛాయాచిత్రకారుల చిత్రాల మీద వేర్వేరు సంస్థల హక్కులు ఉన్నాయి. 1986 నాటి అనుమతులు డిస్కుల కోసం తీసుకొన్నవి. వెబ్ అప్పటికి పుట్టనే లేదు. ఈ చిక్కు నేషనల్ డిస్కుకు మరింత బిగుసుకొన్నది. యంత్రం అడ్డు తొలగినా న్యాయశాస్త్రం అడ్డు మిగిలింది. పునరుద్ధరణ చర్చల్లో ఈ అంశానికి రావలసినంత స్థానం రాలేదు.

కమ్యూనిటీ డిస్కు మాత్రం వెబ్ మీదికి వచ్చింది. పైన చెప్పిన వ్యక్తి 2004లో దాన్ని తన సొంత వెబ్‌సైట్‌లో ఉంచాడు. 2008లో ఆయన మరణించడంతో అది అంతర్ధానమైంది. 2011 మేలో బీబీసీ ‘డూమ్స్‌డే రీలోడెడ్’ పేరుతో అధికారికంగా ప్రచురించి, తమ ఊరు పాతికేళ్లలో ఎట్లా మారిందో చేర్చవలసిందిగా ప్రజలను ఆహ్వానించింది. పిల్లలుగా రాసినవారు నడివయస్సులో తమ మాటలను మొదటిసారి చదువుకొనే అవకాశం కొందరికి అప్పుడే కలిగింది. 2018లో ఆ సైటూ మూతపడింది. దాని ప్రతి జాతీయ ఆర్కైవ్స్ వెబ్ భాండాగారంలో ఉన్నది. రక్షించడానికి పుట్టిన సైటు ఏడేళ్లు నిలిచింది; పనికిరాకుండా పోయిందని పేరుపడిన డిస్కు పదహారేళ్లు నిలిచింది.

తర్వాతి ప్రయత్నం దీనికి పూర్తిగా భిన్నమైన దిశలో సాగింది. ‘డూమ్స్‌డే86’ పేరుతో పనిచేస్తున్న ఔత్సాహికులు ఫైళ్ల జోలికీ చిత్రాల జోలికీ పోకుండా, డిస్కు మీద పడి తిరిగి వచ్చే లేజర్ కాంతి సంకేతాన్నే ప్లేయర్ లోపలి నుంచి అందుకొని, సెకనుకు 4 కోట్ల సార్లు కొలిచి నమోదు చేసే ‘డూమ్స్‌డే డూప్లికేటర్’ అనే పరికరాన్ని రూపొందించారు. చిత్రమేది, ధ్వని ఏది, దత్తాంశమేది అన్న విభజన ఇక్కడ నమోదు సమయంలో జరగదు. తర్వాత వేరే సాఫ్ట్‌వేర్‌తో, కావలసినన్ని సార్లు, మెరుగవుతున్న పద్ధతులతో చేసుకోవచ్చు. ఒకే ముద్రణకు చెందిన పలు డిస్కులను ఇట్లా నమోదు చేసి, ఒకదానిలో గీతలు పడి చెడిన చోటును మరొకదానితో పూరించడం కూడా సాధ్యమైంది. తాళపత్ర ప్రతులను సంప్రతించి పాఠాన్ని నిర్ణయించే పరిష్కర్తలు ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది.