రిచర్డ్‌సన్ విఫల గణన – సంఖ్యాత్మక వాతావరణ సూచన

గాలివానల గమనాన్ని గణిత సమీకరణాల ద్వారా ముందుగా తెలుసుకొనే ప్రయత్నాల చరిత్రలో, బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ చేసిన ఒక విఫల గణనకు విశిష్ట స్థానమున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, 1910 మే 20 నాటి పరిశీలనల ఆధారంగా మధ్య ఐరోపాలో ఆరు గంటల పీడన మార్పును ఆయన చేతితోనే లెక్కించారు. 145 మిల్లీబార్ల పెరుగుదల అని తేలింది. వాస్తవంలో పీడనం దాదాపు స్థిరంగా ఉన్నది. అయినా ఆ లెక్కను మరుగుపరచక 1922లో ప్రచురించిన తన గ్రంథంలో సవివరంగా పొందుపరిచారు.

లోపం మూల సమీకరణాలలో లేదని, తొలి పీడన, పవన విలువల మధ్య సమతౌల్యం కొరవడడమే కారణమని తర్వాతి పరిశోధకులు ఆ వివరాలతోనే నిరూపించారు. రెండవ అవరోధం వేగం. వాతావరణంతో సమంగా లెక్క సాగాలంటే 64,000 మంది గణకులు కావాలని రిచర్డ్‌సన్ అంచనా. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయ్‌మన్ సరళీకరించిన సమీకరణంతో ఎనియాక్ యంత్రంపై 24 గంటల సూచనను దాదాపు 24 గంటలలో సాధించారు. తుపాను తీరం చేరకముందే హెచ్చరిక అందాలంటే ఈ రెండు అవరోధాలనూ దాటక తప్పదు. పద్ధతితో సహా నమోదైన వైఫల్యం కూడా పరిశోధనకు ఆధారమే అనడానికి ఈ గణన నిదర్శనం.