చేతులు మారుతూ బతికిన చెట్లు

తొట్టిలో చెట్టును పొట్టిగా పెంచే బోన్సాయ్ విద్య అనగానే జపాన్ గుర్తొస్తుంది. దాని పుట్టిల్లు మాత్రం చైనా. షాన్‌షీ ప్రాంతంలో క్రీ.శ. 706 నాటి యువరాజు ఝాంగ్‌హువాయి సమాధి గోడ మీద, రాళ్లూ చిన్న మొక్కలూ అమర్చిన పళ్లెం పట్టుకుని నడిచే పరిచారకుల బొమ్మలున్నాయి. పెన్‌జింగ్ అనే ఈ చైనా కళకు దొరికిన తొలి సాక్ష్యాల్లో అదొకటి.

చైనాతో రాకపోకలు సాగించిన బౌద్ధ భిక్షువుల ద్వారా ఈ కళ జపాన్ చేరింది. 1309 నాటి కసుగా గోంగెన్ గెంకి చిత్రపటాల్లో పళ్లేల్లో పెంచిన చెట్లు కనిపిస్తాయి. 'హచి నో కి' అనే నో నాటకంలో ఒక పేద సమురాయ్, మంచు రాత్రి వచ్చిన అతిథికి చలి కాచేందుకు ప్రాణంగా పెంచుకున్న ప్లమ్, చెర్రీ, పైన్ చెట్లను నరికి మంట వేస్తాడు. ఆ త్యాగం ప్రేక్షకుల గుండె కలచాలంటే, తొట్టి చెట్టు విలువ వాళ్లకు అప్పటికే తెలిసి ఉండాలి.

1923 భూకంపం టోక్యోను నేలమట్టం చేశాక, బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నేలా నీరూ వెతుక్కుంటూ ఓమియాకు తరలి, 1925లో బోన్సాయ్ గ్రామం కట్టుకున్నారు. అక్కడ ఉండదలచినవారు కనీసం 10 చెట్లు పెంచాలని, చూడవచ్చేవారికి వాకిలి తెరిచి ఉంచాలని, మేడ కట్టకూడదని అప్పట్లో నియమాలు పెట్టుకున్నారు. 1934లో టోక్యోలో కొకుఫు ప్రదర్శన మొదలై, ఈ చెట్లు కళాఖండాలుగా గుర్తింపు పొందాయి.

1625 నుంచి తొట్టిలో పెరుగుతున్న ఒక పైన్ హిరోషిమాలో యమాకి కుటుంబం దగ్గర ఉండేది. 1945లో అణుబాంబు పడిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ప్రహరీ గోడ చాటున బతికిపోయింది. 1976లో ఆ కుటుంబం దాన్ని అమెరికాకే కానుకగా ఇచ్చింది. 2001లో యమాకి మనవలు చూడటానికి వెళ్లి చెప్పేదాకా, అది బాంబు నుంచి బతికి బయటపడిన చెట్టన్న సంగతి వాషింగ్టన్ వనంలో దాన్ని చూసుకునేవారికి తెలియదు.

చెట్టును మాడ్చి పొట్టిగా చేస్తారన్నది అపోహ. కొన్నేళ్లకోసారి తొట్టిలోంచి తీసి, పాత వేళ్లు కొంత కత్తిరించి, కొత్త మట్టిలో నాటుతారు. కొత్త పీచువేళ్లు పుట్టి చెట్టు మళ్లీ పుంజుకుంటుంది. నీళ్లు మాత్రం ఎండాకాలంలో ఒక్కరోజు తప్పినా ముప్పే.

మన ఎండలకు జువ్వి, మర్రి, రావి బాగా తట్టుకుంటాయి. మొదలుపెట్టేవారు వాటితో మొదలుపెట్టండి. మీ తర్వాత ఆ చెట్టుకు నీళ్లు పోసేవారికి ఈ పని ఇప్పటి నుంచే నేర్పండి.