గత్తరను పొలిమేర దాటించుట

తెలంగాణపు పల్లెలలో కోపము పట్టజాలనివారి నోట వచ్చు తిట్లలో 'గత్తర' యొకటి. నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో గందరగోళమునకును ఆ మాటయే వాడుక. నేడు తిట్టువారు గాని, తిట్టుపడువారు గాని గత్తర యూరిమీద పడుట చూచియుండరు. ఐనను మాట పోలేదు. రాజుల విజయములను శాసనములు దాచినవి. ప్రజల భయములను భాష దాచినది. ఈ యొక్క మాట వెనుకనున్న చరిత్రను విచారించి, దానివలన మనము నేర్వవలసినదేమో చెప్పుటకు ఈ వ్యాసమున పూనుకొనుచున్నాము.

గత్తర యనగా కలరా. మన వైద్యగ్రంథములు విషూచిక యని యొక వ్యాధిని వర్ణించినవి; జనులు వాంతిభేదులనిరి. ఉదయము నాగలి కట్టినవాడు మాపటికి మంచము పట్టును. బియ్యము కడిగిన నీళ్ళవంటి విరేచనములు మాటిమాటికి నగును. కన్నులు లోతునకు పోవును, గొంతు పడిపోవును, పిక్కలు పట్టుకొనును, వ్రేళ్ళు ముడుతలు పడును. చికిత్స లేనిచో కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును. రోగికి సేవచేసినవారే మరునాడు పడకవేసినప్పుడు, ఇది దేవతాగ్రహము గాక మరేమని జనులు తలంచిరనిన, వారిని పరిహసించుట న్యాయము కాదు.

1817లో వంగదేశమున జెస్సూరు ప్రాంతమున చెలరేగిన గత్తర మరుసటి యేడు దక్కనును ముట్టినది. సైనికులు, బిడారులు, యాత్రికులు నడచిన బాటలనే అదియు నడచినది. అంతకుముందును ఈ దేశమున ఇట్టి వ్యాధి లేకపోలేదు. సికిందరాబాదులోని ఉజ్జయినీ మహంకాళి యాలయపు స్థలకథ యందుకు గురుతు. 1813లో దండుతో ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య యను డోలీ మోయువాడు, తన యూరిలో గత్తర ప్రబలెనని విని, అది శమించినచో అమ్మవారిని నిలుపుదునని మ్రొక్కుకొని, 1815లో కట్టెవిగ్రహమును ప్రతిష్ఠించెనని చెప్పుదురు. ఆషాఢమాసపు బోనాలలో స్త్రీలు వేపమండలతో, పసుపుతో తలకెత్తుకొను కుండలో ఆనాటి భయమును కలదు, ఆనాటి యాశయు కలదు.

పల్లెలలో వేరొక యాచారముండెడిది. అమ్మవారికి బలియిచ్చి, బొమ్మను డప్పులతో ఊరేగించి, పొలిమేర దాటించి వచ్చెడివారు. అంతట ఆవలి యూరివారు తమ పొలిమేర దాటించెడివారు. కొన్ని యెడల ఊరంతయు ఇండ్లు విడిచి చేలలో గుడిసెలు వేసికొనెడిది. ఈ రెండవదానిలో తెలియకయే కలిగిన వివేకమున్నది. చెడిన నీటిని విడిచిపోయిరి. మొదటిదానిలో నొక లోపమున్నది; ఆపదను తొలగించుట కాక పొరుగువానిపైకి త్రోయుట. ఈ లోపము బలులతోడనే పోలేదనియు, వేరు వేషములతో నేటికిని మనలో నున్నదనియు మా యభిప్రాయము.

ఇక వ్యాధిని తెలిసికొన్న కథ. 1854లో లండనున జాన్ స్నో యను వైద్యుడు బ్రాడ్ వీధిలోని యొక చేతిపంపు చుట్టును మరణములు క్రిక్కిరిసియుండుట కనిపెట్టి, దాని పిడిని తీయించెను. వ్యాధి గాలిలో గాక నీటిలో వచ్చునని యాతని వాదము. ఆ యేడే ఇటలీలో ఫిలిప్పో పచీని రోగుల ప్రేవులలో వంకరయైన సూక్ష్మజీవిని చూచెను, లోకము వినలేదు. 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్ కలకత్తాలో రోగుల ప్రేవులలోనే కాక వారు వాడు చెరువునీటిలోను ఆ జీవిని కనుగొనెను.

దొంగ దొరికినను దోచు విధము తెలియలేదు. దానిని తేల్చినవాడు కలకత్తా వైద్యకళాశాలకు చెందిన శంభునాథ్ దే. ఆయన కుందేలు చిన్నప్రేవులో కొంతభాగమును రెండువైపుల దారముతో బిగించి, అందు సూక్ష్మజీవులను ప్రవేశపెట్టగా, ఆ భాగము నీటితో ఉబ్బెను. పిదప సూక్ష్మజీవులను వడకట్టి తీసివేసి, అవి పెరిగిన ద్రవమును మాత్రమే ప్రవేశపెట్టినను అట్లే జరుగునని 1959లో ప్రకటించెను. కావున చంపునది ఆ జీవి విడుచు విషము. ఆ విషము సోకిన ప్రేవుగోడ చిరుగదు, పుండుపడదు. దాని కణములు మాత్రము దేహములోని ఉప్పును, నీటిని ఆగక వెలికి గ్రుమ్మరించును.

అంతకు మూడేండ్లు ముందు, 1956లో, ఆయనయు సహచరులును వేరొక సంగతిని చూపిరి. మన ప్రేవులలో సహజముగ నివసించు ఎషెరిషియా కోలై యను జాతిలోను కొన్ని తెగలు గత్తరవంటి విరేచనములు కలిగింపగలవు. మన కడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు అపకారము చేయక, పెక్కు మేలును చేయుచు కాపురమున్నవి. కావున వైద్యుని పని వానియన్నిటితో యుద్ధము కాదు. ఏది యెట్లు చెరచునో యెరుగుట. ఇంతటి పని చేసిన శంభునాథ్ దే 1985లో మరణించువరకు తగిన గౌరవమును పొందలేదు. స్వదేశపు పండితుని గుర్తింపకుండుట మనకు క్రొత్త కాదు.

విషము నీటిని వెడలగొట్టుచున్నను, ఉప్పుతో చక్కెర కలిపి యిచ్చినచో ప్రేవు ఆ రెంటితోపాటు నీటిని పీల్చుకొనగలదని పరిశోధకులు తెలిసికొనిరి. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థుల శిబిరమున, బంగాఁవ్ అను చోట, దిలీప్ మహలనబీస్ అను వైద్యునికి ఈ జ్ఞానమే దిక్కైనది. నరములలోని కెక్కించు సెలైను నిండుకొనగా, ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోసు నీటిలో కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించెను. నూటికి 30 వరకునున్న మరణములు 4కు లోపునకు దిగినవి. ఆసుపత్రి దూరమైన పల్లెలో నేటికిని ఆ మార్గమే ప్రాణాధారము. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును తలగొట్టి కొలిచి కలిపి, మాటిమాటికి పట్టవలెను; రోగిని వెంటనే వైద్యునికడకు చేర్పవలెను. భేదులైనవానికి నీరు పట్టరాదను మూఢనమ్మకము గత్తరకే చుట్టము.

అప్పయ్య మ్రొక్కు చెల్లించిన సీమయే తరువాతి కాలమున లోకమునకు టీకా నిచ్చినది. 1993లో హైదరాబాదున స్థాపితమైన శాంతా బయోటెక్నిక్స్, దక్షిణ కొరియాలోని అంతర్జాతీయ టీకా సంస్థతో కలిసి సిద్ధపరచిన 'షాంకోల్' అను నోటిటీకాకు 2009లో మన దేశమున అనుమతి లభించినది. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ యంగీకరించినది. కలకత్తా బీదవాడలలో జరిపిన పరీక్షలో దాని రక్షణ ఐదేండ్లకు నూటికి 65 వంతులని తేలినది. 2010లో సైనిక శిబిరపు మురుగు నదిలో కలియుటచే గత్తర పాలైన హైతీ దేశమునకు 2012లో చేరినది ఈ టీకాయే. 2023 నాటికి దాని సరఫరా ఆగిపోగా, 2024లో హైదరాబాదుననే భారత్ బయోటెక్ 'హిల్‌కోల్' అను వేరొక టీకాను వెలువరించినది. ఇది మనకు గర్వకారణమే. కాని టీకా కొన్నియేండ్ల కవచము. చెడునీటికి ప్రత్యామ్నాయము కాదు.

ఆ నీటి సంగతికై మన మెట్టసీమకు మరలి వత్తము. నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు రాతినేలలు, వాన నమ్మరానిది. ఏటికి దూరమైన పల్లెలకు చెరువు, కుంట, బావి, వాగులోని చెలిమె, ఇవియే చిరకాలము ఆధారములు. ఎండకాలమున అన్నికుండలును ఒక్క మడుగునే చేరెడివి. ఇట్టి కొరతలో దళితవాడలవారిని ఊరిబావిలో చేద వేయనీయక, ఎవరైన జాలిపడి పోయువరకు నిలువబెట్టి, లేదా కుంటనీటికి పంపిన పాపము మన చరిత్రలో నున్నది. గత్తరను పొలిమేర దాటించినట్లే చెడునీటిని వాడ దాటించితిమి. ఐతే వానవరద కుంటను బావిని ఏకము చేయును. ఈగకు వీధిభేదము తెలియదు. అంతకంటె ముఖ్యముగ, ఆ వ్యాధి తమ యింటికి రాకున్నను ఆ యన్యాయము అన్యాయమే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున ప్రజోపయోగమైన బావులను, చెరువులను పేరుపెట్టి చెప్పి, వాని వాడుకలో కులభేదమును నిషేధించినది. దేశపు మూలశాసనమున బావి మాట చేర్పవలసివచ్చుటయే మన సిగ్గునకు సాక్ష్యము.

పిదప చెరువునీటికి వెరచి లోతుబోర్లను నమ్ముకొనగా, నల్లగొండలో రాతిలోని ఫ్లోరైడు బిడ్డల యెముకలను వంచినది. దానికి విరుగుడుగ నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు. అందు పటిక, సున్నము ఫ్లోరైడును అడుగునకు దింపును. బ్లీచింగు పొడి సూక్ష్మజీవులను చంపును. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా పల్లెలకు తెచ్చుటకు పూనుకొన్నది. మంచిదే. కాని మురుగుకాలువలో మునిగియున్న గొట్టము పగిలినచో, నీరు ఆగిన వేళ మురుగును లోపలికి పీల్చుకొనును. ఆ పగులు ఏ వాడలోనున్నది, ఎన్నినాళ్ళనుండి యున్నది, ఎవరు మొరపెట్టుకొన్నను వినువారు లేరు అనునవి ఇంజనీరింగు ప్రశ్నలు మాత్రమే కావు.

గ్రామసభ కూడిన దినమున మన మడుగవలసినది చిన్నప్రశ్నయే. ఊరిలో కడపటి యింటివారు త్రాగు నీటిని మొదటి యింటివారు త్రాగుదురా? త్రాగుదుమని నిస్సంకోచముగ చెప్పగలిగిన యూరినుండి గత్తర నిజముగ పొలిమేర దాటినట్లు. తక్కిన యూళ్ళలో అది తిట్టుగ మాత్రమే మిగిలినదని సంతసించుటకు ఇంకను వేళ కాలేదు.