ఇండియన్ బ్యాంకు: గ్రామీణ రుణాల చరిత్ర

ఇండియన్ బ్యాంకు చెన్నై ప్రధాన కేంద్రంగా పనిచేస్తున్న ప్రభుత్వ రంగ వాణిజ్య బ్యాంకు. దక్షిణాదిన, ముఖ్యంగా చిత్తూరు జిల్లాలో, వ్యవసాయ రుణాల విస్తరణలో దీనికి ప్రధాన పాత్ర ఉంది.

నేపథ్యం

1906 అక్టోబరులో మద్రాసులోని ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీయడంతో వేలమంది దాచుకున్న సొమ్ము పోయింది. స్వదేశీ బ్యాంకు కావాలన్న సంకల్పంతో న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రభృతులు పూనుకోగా, 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు వ్యాపారం ప్రారంభించింది. అయితే ఆనాటి బ్యాంకులన్నిటి ఖాతాదారులూ ప్రధానంగా పట్టణ వర్తకులే. 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ రుణ సర్వే ప్రకారం, రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా ఒక శాతం కూడా లేదు. సింహభాగం వడ్డీ వ్యాపారులదే.

జాతీయకరణ తరువాత

1969 జులై 19న జాతీయం చేసిన 14 బ్యాంకుల్లో ఇదొకటి. అదే ఏడాది డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన లీడ్ బ్యాంకు పథకం ఒక్కో జిల్లా బాధ్యతను ఒక్కో బ్యాంకుకు అప్పగించింది. చిత్తూరు జిల్లా ఇండియన్ బ్యాంకుకు దక్కింది. ఏటా జిల్లా రుణ ప్రణాళిక తయారుచేయడం, ఇతర బ్యాంకులను సమన్వయపరచడం లీడ్ బ్యాంకు పని. పంట రుణానికి ఎకరాకు ఇంత అని రుణపరిమితి ముందే ఖరారవుతుంది. రైతు పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ (సాగు వివరాల రికార్డు) చూపి అప్పు తీసుకుంటాడు. కౌలు రైతు పేరిట ఆ కాగితాలు ఉండవు కనుక, సాగు చేసేవాడే రుణానికి దూరమయ్యాడు. ఈ వ్యవస్థలో అతిపెద్ద లోపం ఇదే.

స్వయం సహాయక సంఘాలు

భూమి లేని మహిళలకు మరో దారి దొరికింది. 1989లో అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి (ఐఫాడ్) సాయంతో ధర్మపురి జిల్లాలో మొదలైన తమిళనాడు మహిళాభివృద్ధి పథకంలో ఇండియన్ బ్యాంకు భాగస్వామి. ఈ పథకం కింద ఏర్పడ్డ మహిళా సంఘాల సభ్యులు పొదుపు చేస్తారు, తమలో తాము అప్పులిచ్చుకుంటారు, తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెడతారు. ఆ క్రమశిక్షణే బ్యాంకుకు పూచీ. 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) ప్రయోగాత్మకంగా 500 సంఘాలను బ్యాంకులతో అనుసంధానించాలని తలపెట్టి, ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసింది.

ఇటీవలి పరిణామాలు

ఇండియన్ బ్యాంకు ప్రాయోజకత్వంలో చిత్తూరు కేంద్రంగా 2006లో ఏర్పడిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. అలహాబాద్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న ఇండియన్ బ్యాంకులో విలీనమైంది. శాఖలు పెరిగినా, పట్టా లేని సాగుదారుకు సకాలంలో రుణం అందించడమే గ్రామీణ బ్యాంకింగ్ ఇంకా పూర్తిచేయాల్సిన పని.