మంజీర తీరపు బడి: మారుతూ వచ్చిన పంతులు చూపు

నిజాం ఏలుబడిలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు సర్కారు బడి చాలావరకు ఉర్దూలో నడిచింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి అది పరాయి చోటు. దళితుల పిల్లలకైతే గడప దాటడమే గగనం. 1910 నుంచి హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ దళిత బాలలకు తెలుగు బడులు తెరవడం అప్పటికి పెద్ద మలుపు. పిల్లలకు చదువు రాక కాదు, బడే రానివ్వలేదని ఆ పని చెప్పకనే చెప్పింది.

1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక మంజీర నీళ్ల వెంట కోస్తా రైతులు వచ్చి బాన్సువాడ వైపు క్యాంపులు కట్టుకున్నారు. 1956లో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో మరాఠీ, కన్నడం మాట్లాడే ఇళ్లూ తోడయ్యాయి. ఉర్దూ ఇళ్లు, లంబాడా తండాలు సరేసరి. ఇన్ని నోళ్లున్న సీమలో పాఠ్యపుస్తకం మాత్రం ఒక్కతీరు తెలుగే మాట్లాడింది. ఉర్దూ దిగిన గద్దె మీద కోస్తా తెలుగు కూర్చుంది. ‘గట్లనే సార్’ అన్న పిల్లవాణ్ని సరిదిద్దడం తన ధర్మమనుకున్నాడు పంతులు. ఆయనకు నేర్పిన చూపు అది. చిత్రమేమంటే, ఇంటికి పోయి తానూ ఆ యాసలోనే మాట్లాడిన పంతుళ్లు ఎందరో!

ఆ తర్వాత చట్టాలూ విధానాలూ ఒక్కొక్కటే మారాయి. 1976 నాటి చట్ట సవరణతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. 1986 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయ శిక్షణను జిల్లా విద్యా శిక్షణ సంస్థల (డైట్ల) రూపంలో జిల్లాలకు తెచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, బంజారా సహా 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. మరుసటి ఏడు వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇంటి భాషను ఆటంకంగా కాక ఆస్తిగా చూడమన్నది. 2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం బెత్తంతోపాటు మాటల హింసనూ నిషేధించింది. 2015 నుంచి రెండేళ్లదైన బి.ఎడ్.లో లింగ వివక్ష, సమ్మిళిత విద్య పాఠాలయ్యాయి. కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016లోనే వికలాంగుల హక్కుల కొత్త చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది.

ఒక్క నూరేళ్లలో ఇంత దూరం రావడం చిన్న సంగతి కాదు. అయినా చట్టం మారినంత వేగంగా చూపు మారలేదు. శిక్షణ తరగతుల్లో పిల్లల నేపథ్యం గురించి చాలా చెబుతారు. సారు తన నేపథ్యాన్ని తరచి చూసుకోవాలని అడగడం తక్కువ. అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించండి: ఈ నెలలో ఎవరిని పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగాం, ఎవరిని ‘ఆ తండా పిలగాడు’ అన్నాం, ఎవరి చేతికి చీపురిచ్చాం.